పావురాల ఇంట్లో అంట్లెవరు తోముతారు?

మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. అమెరికాలో, కాలిఫోర్నియాలో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలో కొలంబే అని ఒక ఇల్లుంది. లాటిన్‌లో పావురాలని అర్థం. డిగ్రీ చదివే ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఉండే ఇల్లు. 1970లో మొదలైంది. అక్కడ వంటవాళ్ళని పెట్టుకోరు. సరుకులు తెప్పించుకోవడం, కూరలు తరగడం, వండటం, వడ్డించడం, అంట్లు తోమడం, వంటిల్లు కడగడం అన్నీ ఆ పిల్లలే వంతులేసుకుని చేసుకుంటారు. వండేది శాకాహారం. ఇంట్లో ఏ సంగతి తేల్చుకోవాలన్నా చేతులెత్తించి లెక్కపెట్టరు. అందరూ కూర్చుని, అందరికీ సమ్మతమయ్యేదాకా మాట్లాడుకుంటారు.

ఎక్కడో స్టాన్‌ఫర్డ్‌లో పిల్లలు గిన్నెలు తోముకుంటే మనకేంటి అంటారా? మనకే కావాలి. ఇంటిపని గురించి మన ఆడవాళ్ళం ఎన్నేళ్ళుగానో లోలోపల అనుకుంటున్న మాటల్ని ఇరవయ్యేళ్ళ పిల్లలు గోడ మీద కాగితం అంటించి మరీ తేల్చుకున్నారు. ఆ సంగతి మీతో తీరిగ్గా చెప్పుకోవాలని ఉంది.

ముందు ఆ రోజులెలాంటివో ఒక్కసారి చూడండి. వియత్నాం యుద్ధం జరుగుతోంది. 1970 ఏప్రిల్ 30న అధ్యక్షుడు నిక్సన్ కంబోడియాలోకి కూడా సైన్యాన్ని పంపుతున్నట్టు ప్రకటించాడు. దేశంలో కాలేజీలన్నీ భగ్గుమన్నాయి. మే 4న ఒహైయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో సైనికులు కాల్పులు జరిపితే నలుగురు విద్యార్థులు చనిపోయారు. స్టాన్‌ఫర్డ్‌లోనూ అప్పుడు గొడవలే. అలాంటి ఏడాదిలో కొందరు పిల్లలు అహింసా మార్గంలో సమాజాన్ని మార్చుకోవాలని సంకల్పించి, ఆ సంకల్పంతో ఒక ఇల్లు ఏర్పాటు చేసుకున్నారు. శాంతికి గుర్తయిన పావురాల పేరు పెట్టుకున్నారు. యుద్ధం వద్దన్న పిల్లలు, వాళ్ళ ఇంట్లో ముందుగా చేతిలోకి తీసుకున్నది అంట్లు తోమే పీచు. నాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది ఇక్కడే.

అహింస అనగానే మనకి గాంధీగారు గుర్తొస్తారు కదా. ఆయన 1904లో దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర పెట్టిన ఆశ్రమం కూడా ఒక పక్షి పేరు మీదే ఉండేది, ఫీనిక్స్ అని. తర్వాత టాల్‌స్టాయ్ ఫారం, ఆ తర్వాత సబర్మతి. అన్ని చోట్లా ఒకటే పద్ధతి: ఎవరి పని వాళ్ళే చేసుకోవడం, పాకీపని కూడా అందరూ చెయ్యడం. కానీ దానికి ముందు డర్బన్‌లో వాళ్ళింట్లో ఏం జరిగిందో ఆయనే ఆత్మకథలో దాచుకోకుండా రాశారు. ఇంట్లో ఉండే గుమాస్తాల గదుల్లోని మూత్రపు కుండలు కస్తూర్బా కూడా ఎత్తాలన్నారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ కుండ ఎత్తి మెట్లు దిగుతుంటే, ఏడుస్తూ కాదు, సంతోషంగా చెయ్యాలని కేకలేశారు. ఆవిడ ఎదురు మాట్లాడేసరికి చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళారు. పరాయి దేశంలో నేనెక్కడికి పోతానని ఆవిడ అడిగితే గానీ ఆయనకి సిగ్గనిపించలేదు.

ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఆయన అనుకున్నది తప్పు కాదు. ఏ పనీ నీచం కాదు, ఎవరి మలినం ఎవరు ఎత్తినా తప్పులేదు, నిజమే. కానీ ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు కస్తూర్బాని ఎవరడిగారు? పని పంచడం ఒక ఎత్తయితే, ఎలా పంచుకోవాలో అందరూ కూర్చుని అనుకోవడం ఇంకో ఎత్తు. రెండోది లేకపోతే మొదటిది కూడా హుకుమే అవుతుంది. ఆ పావురాల ఇంటివాళ్ళు రెండింటినీ కలిపి పట్టుకున్నారు. అందుకే వాళ్ళ గురించి ఇంతగా చెబుతున్నాను.

ఇలా అందరూ కలిసి నడుపుకునే ఇళ్ళని అమెరికాలో కోఆప్‌లంటారు. అవి ఒకటీ రెండూ కావు. స్టాన్‌ఫర్డ్‌కి గంట దూరంలో ఉన్న బర్క్‌లీలో 1933లోనే మొదలయ్యాయి. ఆర్థిక మాంద్యం రోజులు. చదువుకోవాలని ఉన్నా తిండికీ గదికీ డబ్బు చాలని పిల్లలు కలిసి ఇల్లు తీసుకుని, తలా కొంత పని చేసుకుని ఖర్చు తగ్గించుకున్నారు. ఇప్పుడక్కడ వెయ్యిమందికి పైగా ఆ ఇళ్ళలో ఉంటున్నారు. ఒక్కొక్కరు వారానికి ఐదు గంటలు ఇంటిపని చెయ్యాలని లెక్క. చెయ్యకపోతే జరిమానా కట్టాలి.

వారానికి ఐదు గంటలు! చదివి నేను చాలాసేపు ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. మన దేశంలో 2019లో ప్రభుత్వం వాళ్ళు, ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేశారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. అంటే ఆ పిల్లలు వారమంతా కలిపి చేసే పనిని మనం రోజూ చేస్తున్నాం. పైగా ఆ మగవాళ్ళ సగటు ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళది మాత్రమే, అసలు ముట్టుకోనివాళ్ళని కలపకుండా. ఇన్ని గంటలు చేసి కూడా, ఎవరైనా అడిగితే “నేనేం చెయ్యట్లేదండీ, ఇంట్లోనే ఉంటున్నాను” అంటాం.

మా అక్క కూతురు అమెరికాలో చదువుకునే రోజుల్లో ఇలాంటి కోఆప్‌లోనే ఉంది. కొలంబే కాదు, ఇంకో ఊళ్ళో. ఇంట్లో నలభై మంది. దానికప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇక్కడుండగా మంచినీళ్ళు కూడా వాళ్ళమ్మే అందించేది. వెళ్ళిన రెండో వారంలో గోడ మీద చార్టులో దాని పేరు పడింది: బుధవారం రాత్రి వంట. జతగా మిన్నెసోటా నుంచి వచ్చిన ఒక రైతుబిడ్డ. ఇది పప్పు, అన్నం, వంకాయ కూర చేస్తానంది. అక్కడితో ఆగకుండా వాళ్ళమ్మకి ఫోన్ చేసి, “అమ్మా, నలభై మందికి కందిపప్పు ఎంత నానబెట్టాలే?” అని అడిగింది.

మా అక్క జీవితమంతా ఐదుగురికే వండింది. దానికేం తెలుస్తుంది? వెంటనే తణుకులో మా ఇళ్ళలో పెళ్ళిళ్ళకి వంట చేసే ఆయనకి ఫోన్ చేసింది. ఆయన సంబరపడిపోయి, తీరిగ్గా అన్నీ చెప్పారట. పప్పు రెండు కిలోలు చాలు, అన్నం మిగిలినా పప్పు మిగలకూడదు. పసుపూ నూనెచుక్కా వేసి ఉడకనివ్వాలి. ఉప్పు మాత్రం ఇంట్లో వేసే కొలతని హెచ్చవేసి ఒకేసారి కుమ్మరించకు తల్లీ, మూడు దఫాలుగా వెయ్యి, ప్రతిసారీ కలిపి రుచి చూడు. పోపు పెద్ద తపేలాలో వెయ్యకు, విడిగా బాణలిలో పెట్టుకుని ఆఖర్న కలుపు, లేకపోతే ఆవాలు మాడేదీ తెలియదు, చిటపటలాడేదీ తెలియదు. ఆ రైతుబిడ్డ ఈ మాటలన్నీ ఇంగ్లీషులో రాసుకుని అలమర తలుపుకి అంటించాడు. వాడు ఉల్లిపాయలు తరుగుతుంటే ఇది పక్కన నిలబడి గరిటె తిప్పింది. ఆ గరిటె చెయ్యెత్తు పొడుగుండేదట. తిన్న తర్వాత తోమే వంతు ఇంకో ఇద్దరిది. అందులో ఒకడు గణితంలో పరిశోధన చేస్తున్నవాడు. అడుగంటిన పప్పు తపేలాలో వేడినీళ్ళు పోసి, నానబెట్టి, మోచేతుల దాకా చేతులు ముంచి తోమాడు. ఎవరూ వాణ్ణి పొగడలేదు. “పాపం, సాయం చేస్తున్నాడు” అని అనలేదు. చార్టులో వాడి పేరుంది, చేశాడు, అంతే.

ఆ “అంతే” మన ఇళ్ళలోకి ఎప్పుడొస్తుందా అని ఉంటుంది నాకు. మగపిల్లాడు కాఫీ కప్పు కడిగితే పది మందికి చెప్పుకుంటాం. ఆడపిల్ల వంటింట్లోకి రాకపోతే అదే పది మందీ మనల్ని అడుగుతారు.

వంట సరే, అసలు కష్టం మీటింగుల్లో ఉంటుంది. అందరి సమ్మతితో నిర్ణయం అన్న పద్ధతిని క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు మూడొందల ఏళ్ళకి పైగా పాటిస్తున్నారు. వాళ్ళ దగ్గర్నుంచి శాంతి ఉద్యమాలకీ, అక్కణ్ణుంచి ఇలాంటి ఇళ్ళకీ వచ్చింది. ఒకరు మీటింగు నడుపుతారు, తన అభిప్రాయం రుద్దకుండా. ఎవరికి చెప్పాలనుంటే వాళ్ళు చెబుతారు. నచ్చితే చేతులు పైకెత్తి వేళ్ళు ఆడిస్తారు. నాకు పూర్తిగా నచ్చలేదు గానీ మిగతావాళ్ళకి అడ్డు రాను అనవచ్చు. ఇది జరిగితే ఈ ఇంటికే చేటు అని గట్టిగా అనిపిస్తే అడ్డుపడవచ్చు. అప్పుడు మళ్ళీ మొదట్నుంచి మాట్లాడుకోవాల్సిందే. ముప్పైతొమ్మిది మంది ఔనన్నా ఆ ఒక్కరి మాట విని తీరాలి.

మా పిల్ల మాంసం తినదు. వాళ్ళ ఇంట్లో మాంసం వండుకునేవాళ్ళూ ఉన్నారు. ఒకరోజు పోపుకి బాణలి తీయబోతే అందులో ముందురోజు వేయించిన మాంసం తాలూకు కొవ్వు పేరుకుని ఉంది. ఆ రాత్రి అది అన్నం తినలేదు. ఎవరితోనూ అనలేదు కూడా. మనం ఆడపిల్లల్ని అలాగే పెంచుతాం కదా, నలుగురిలో మాట్లాడితే ఏమనుకుంటారో అని. ఆదివారం మీటింగులో వేరే సంగతులన్నీ అయిపోయాక, నడిపే అమ్మాయి అందరి మొహాలూ చూసి, మా పిల్ల దగ్గర ఆగి, “నువ్వు ఇవాళ ఒక్క మాటా మాట్లాడలేదు, ఏమైనా ఉందా?” అని అడిగింది. గొంతు వణుకుతూ చెప్పింది. ఎవరూ నవ్వలేదు, “ఇంత చిన్న విషయమా” అనలేదు. గంటసేపు దాని మీదే మాట్లాడుకున్నారు. పాత్రలన్నీ శాకాహారానికే ఉంచుదామని ఒకరు, అలా అయితే మేమెందులో వండుకోవాలని ఇంకొకరు. చివరికి ఒక బాణలి, ఒక తపేలా, రెండు గరిటెలు విడిగా తీసి పిడులకి ఎర్ర రంగు వేశారు. రంగు వేసింది ఆ కొవ్వు వదిలిపెట్టిన కుర్రాడే. తనకి తెలియక చేశానని చెప్పి, తనే బ్రష్షు పట్టుకున్నాడు.

అది ఈ సంగతి నాతో చెబుతూ, “పిన్నీ, నన్ను అడిగారు” అంది. బాణలి దొరికిందని కాదు దాని సంతోషం. అడిగారని.

అయితే అంతా బాగుందని చెప్పను. ఈ పద్ధతిలో ఓపిక ఉన్నవాళ్ళదే పైచేయి అవుతుంది. రాత్రి పదకొండింటికి కూడా కదలకుండా కూర్చుని వాదించగలిగినవాళ్ళ మాట నెగ్గుతుంది. బయట ఉద్యోగం చేసుకుంటూ చదివే పిల్లలు, పొద్దున్నే పరీక్ష ఉన్నవాళ్ళు అలసిపోయి, సరేలే కానివ్వండి అనేస్తారు. అలసటని సమ్మతిగా లెక్కేస్తే అది సమ్మతి కాదు. మన ఇళ్ళలో జరిగేది కూడా అదే కదూ? “మా ఆవిడకి అభ్యంతరం లేదండీ” అని ఆయన అంటారు. అభ్యంతరం లేక కాదు, చెప్పీ చెప్పీ విసిగిపోయి. అందుకని మీటింగుకి ఒక హద్దు పెట్టుకోవడం, ఇవాళ తేలకపోతే వచ్చే వారానికి వాయిదా వెయ్యడం మంచిదని నా ఉద్దేశం.

వంటింట్లో కూర్చుని మాట్లాడుకోవడం నేర్చుకున్న పిల్లలు ఊరుకోరు. 1977 మే 9న స్టాన్‌ఫర్డ్‌లో ఓల్డ్ యూనియన్ అనే భవనంలో విద్యార్థులు బైఠాయించారు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళని అణిచివేస్తున్న ప్రభుత్వం ఉన్న రోజులవి. ఫోర్డ్ కంపెనీ ఆ దేశంలో వ్యాపారం మానుకోవాలని, ఆ కంపెనీలో వాటాలున్న యూనివర్సిటీ ఆ మాట గట్టిగా చెప్పాలని వాళ్ళ డిమాండ్. ఆ రోజు 294 మందిని అరెస్టు చేశారు. ఆ ఉద్యమంలో కొలంబే పిల్లలు ముందు వరసలో ఉన్నారు. అణు విద్యుత్తుకి వ్యతిరేకంగా అప్పట్లో వచ్చిన సంఘాలు కూడా ఇలాగే చిన్న చిన్న జట్లుగా కూర్చుని, అందరి సమ్మతితోనే నడిచాయి. వాటి పేర్లు కూడా జీవాలవే. తూర్పు తీరంలో ఆల్చిప్పల సంఘం, పడమటి తీరంలో అబలోనీ అనే సముద్రపు నత్త పేరు పెట్టుకున్న సంఘం. 1981లో డయాబ్లో కాన్యన్ అణు విద్యుత్ కేంద్రం దగ్గర రెండు వారాల్లో 1,900 మందికి పైగా అరెస్టయ్యారు. అంతమంది ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క రాయి విసరకుండా నిలబడాలంటే, ఎక్కడో ఒకచోట ఎదుటి మనిషి మాట వినడం అలవాటై ఉండాలి.

ఇక మన హాస్టళ్ళ సంగతి. మన యూనివర్సిటీ హాస్టళ్ళలో డివైడింగ్ సిస్టమ్ ఎరగనివాళ్ళెవరు? నెలాఖరున సరుకుల ఖర్చంతా కూడి, తిన్నవాళ్ళ రోజులతో భాగించి, రోజుకింత అని బోర్డు మీద రాసేవారు. మెస్ సెక్రటరీ పదవి మా హాస్టల్లో చాలా పెద్ద పదవి. తెల్లవారుజామున మార్కెట్‌కి వెళ్ళి బేరమాడటం, బియ్యం తూకం దగ్గర నిలబడటం, లెక్క తేలక రాత్రిళ్ళు మేలుకోవడం. ఆ రోజుల్లో నేర్చుకున్న లెక్క నాకు ఇప్పటికీ పనికొస్తోంది. రూపాయల్ని అణా పైసలతో సహా పంచుకున్నాం. పని మాత్రం పంచుకోలేదు. పొగలో నిలబడి వందల మందికి వండినావిడా, మేం వదిలేసిన కంచాలు బోరు దగ్గర కూర్చుని తోమినావిడా మా లెక్కల్లో జీతం పద్దు కిందే ఉండేవారు. వాళ్ళలో ఒకావిడ చేతివేళ్ళ సందుల్లో బూడిదా సబ్బూ ఒరుసుకుని చర్మం ఊడిపోయి ఉండటం నా కళ్ళ ముందుంది. వారానికొక్కరోజైనా మా కంచాలు మేం తోముకుంటామని మాలో ఎవరమైనా అని ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పటి పిల్లలకి ఆ లెక్కలు కూడా లేవు. ఇంటర్ చదివే రెండేళ్ళూ పొద్దున ఐదింటికి లేపడం, రాత్రి పదింటి దాకా చదివించడం, గంట కొడితే తినడం. అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో, కంచం ఎక్కడికి పోయిందో వాళ్ళకి తెలియదు. తెలుసుకునే తీరిక వాళ్ళకి మనం ఇవ్వలేదు.

కానీ ఒక మంచి సంగతి ఉంది. అమెరికాకో, ఆస్ట్రేలియాకో ఎమ్మెస్ చదవడానికి వెళ్ళిన మన పిల్లలు నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటారు కదా. వెళ్ళిన వారానికే వంతులేసుకుంటారు. సోమవారం వంట వీడిది, అంట్లు వాడిది, చెత్త పారేసేది ఇంకొకడిది. అమ్మకి వీడియో కాల్ చేసి, రసంలో చింతపండు ఎంత, పులిహోరకి అన్నం ఎప్పుడు ఆరబెట్టాలి అని అడుగుతారు. గుత్తొంకాయ కూర చెయ్యడం వచ్చిన మగపిల్లలు నాకు ఎంతమందో తెలుసు. ఎవరూ బలవంతపెట్టలేదు, వార్డెన్ లేడు, ఆదర్శాలూ చెప్పుకోలేదు. నలుగురూ సమానం కాబట్టి పనీ సమానమైంది.

మరి అదే అబ్బాయి పెళ్ళయిన ఆర్నెల్లకి సోఫాలో కూర్చుని “మంచినీళ్ళు” అని ఎందుకు కేకేస్తాడు? వంట మర్చిపోయాడా? లేదు. రూమ్మేట్‌ని సమానం అనుకున్నాడు, పెళ్ళాన్ని అనుకోలేదు. మనం కూడా, “పాపం, అక్కడ ఒంటరిగా వండుకు తిన్నాడు, ఇప్పుడైనా సుఖపడనీ” అంటాం. కోడలు కూడా అదే దేశంలో, అలాంటి అపార్ట్‌మెంట్‌లోనే వండుకు తినే చదువుకుంది. ఆ పిల్ల సుఖపడక్కర్లేదా? తల్లులం, అత్తలం, ఈ మాట మనం అనడం మానేస్తే సగం పని అయినట్టే.

మా అక్క కూతురికి పెళ్ళయి మూడేళ్ళయింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తారు, హైదరాబాదులో ఉంటారు. ఫ్రిజ్ మీద చార్టు పెట్టుకున్నారు. వంట, అంట్లు, బట్టలు, బాత్రూములు, సరుకులు, కరెంటు బిల్లు, ఎవరి పేరు ఎక్కడో అన్నీ రాసుకున్నారు. ప్రతి ఆదివారం టిఫిను తిన్నాక ఇద్దరూ కూర్చుని, ఎవరికి ఏది కష్టమైందో చెప్పుకుని మార్చుకుంటారు. కాకినాడ నుంచి వాళ్ళత్తగారు వచ్చారు. బాత్రూములు కడగడం అన్న చోట కొడుకు పేరు చూసి ఆవిడకి గుండె చివుక్కుమంది. రెండు రోజులు కోడలితో ముభావంగా ఉన్నారు. మూడో రోజు కొడుకు బ్రష్షు పట్టుకుని పని చేసుకుంటూ ఏదో పాట పాడుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూశారట. ఆదివారం వచ్చింది. వీళ్ళిద్దరూ కూర్చుంటే ఆవిడ కూడా కుర్చీ లాక్కుని కూర్చుని, “ఇందులో నా పేరేదీ?” అన్నారు.

మా పిల్ల అప్పుడు చాలా మంచి పని చేసింది. అత్తయ్యగారికి వంట రాసేద్దామని మొగుడు అనబోతుంటే ఆపి, “మీకేది ఇష్టం అత్తయ్యా?” అని అడిగింది. ఆవిడ చాలాసేపు ఆలోచించారు.

“వంట మాత్రం వద్దమ్మా,” అన్నారు. “పెళ్ళయినప్పట్నుంచీ చేస్తూనే ఉన్నాను. నాకు వండటం ఎప్పుడూ ఇష్టం లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.”

బాల్కనీలో మొక్కలూ, సాయంత్రం కూరగాయల మార్కెట్టూ ఆవిడ తీసుకున్నారు. ఆ రాత్రి కొడుకు పప్పుచారు పెట్టాడు.